కంబదూరు మిద్దె మీదికి రాని విమానం

మా విమానం సార్ పోయినారు. ఈ మాట చదవగానే మీరేం ఊహించుకున్నారో నాకు తెలుసు. అది కాదు. ఇంజను ఆగలేదు, రెక్క విరగలేదు. ఇంటి ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, పేపరు తిప్పుతా పోయినారు. ఫోన్ చేసిన పామిడి అన్న, సార్ దగ్గర నాకంటే ముందు నేర్చుకున్నవాడు, ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పినాడు: "టీ ఇంకా వేడిగానే ఉండాదిరా." నేను "ఏ విమానంలో అన్నా?" అని అడిగినాను. డిగ్రీ చదివిన బుర్ర ఆ పొద్దు అంతమటుకే పనిచేసింది. ఇప్పటికీ సరిగ్గా పనిచేయడం లేదు. కాబట్టి ఈ స్మృతిలో ఎక్కడైనా గంభీరమైన విషయాలు తగిలితే పాఠకులు మన్నించాలి.

అనంతపురం బయట, వేరుశనగ చేన్ల నడుమ, ఒక చిన్న రన్‌వే ఉంది. సార్ అక్కడ రెండు సీట్ల విమానాలు నడపడం నేర్పేవారు. నేను నేర్చుకుంటానంటే మా నాయన "ముందు బైకు సక్కంగా నడుపు" అన్నాడు. సార్ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "టిఫినేం తినింటివప్పా?" అన్నారు.

"ఉగ్గాని, బజ్జీ సార్."

"బజ్జీలెన్ని?"

చెప్పినాను. మారుమాట లేకుండా ఒక కవరు నా చేతిలో పెట్టినారు. పైకి లేచిన కాసేపటికే దానితో పనిపడింది. దిగినాక నా వీపు తట్టి, "గురి బాగుండాది. ల్యాండింగ్ గూడా ఇట్లే గీత తప్పకుండా చెయ్యి" అన్నారు. నా జీవితంలో నాకు దక్కిన మొదటి ప్రశంస అది.

ఎక్కే ముందు ఇంజను మూత మీద ఎద్దును తట్టినట్టు తట్టేవారు. దిగినాక ఇంకోసారి. మోడం పట్టి మబ్బు కమ్మిందంటే మాత్రం ఆయనలో ఇద్దరు మనుషులు లేచేవారు. పైలట్ మొహం ముడుచుకునేది, అదే మొహంలో రైతు వెలిగిపోయేవాడు. కంబదూరు దగ్గర వానను నమ్ముకుని సేద్యం చేసే ఇంట్లో పుట్టినారు. తల్లి చిన్నప్పుడే పోతే, అక్క పెంచింది. ఎవరైనా వాన రోజు ఎగరాలని మారాం చేస్తే, "మోడాలకు మీ నాయనెవరో తెలీదప్పా" అనేవారు. మా జిల్లాలో నాయన పేరు పనిచేయని చోటు అదొక్కటే.

ఈ ఏడాది సార్‌కు కండ్లు మసకబారినాయి. వచ్చే పరీక్షలో లైసెన్సు పోతుందని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. అందుకని చివరిసారిగా ఒక షికారు అనుకున్నాము. మూడు విమానాలు. ముందర సార్, వెనక పామిడి అన్న, ఆ వెనక నేను. కంబదూరులో అక్క మిద్దె మీద ఒక చుట్టు తిరిగి, కర్ణాటకలో దిగి, దోసె తిని రావాల. దోసె ఒక సాకు. ఇన్నేండ్లలో అక్క ఆయన ఎగిరేది ఒక్కసారి కూడా చూడలేదు. "నేనొస్తా, మిద్దెక్కి చూడు" అని సార్ మాట ఇచ్చినారు.

ఆ పొద్దున అన్న ఇంటిల్లిపాదీ చిత్రాన్నం క్యారియర్లతో వచ్చినారు. పడమర దిక్కున మోడం నల్లగా పేరుకుంది. నేను చూసినాను, అన్న చూసినాడు. ఇద్దరం మా బూట్లు చూసుకున్నాము. సార్ ఆఖరి ప్రయాణాన్ని వద్దని ఎవరు చెప్తారు?

సార్ మా ఇద్దరినీ చూసినారు. "ఎవురూ చెప్పరేం? సరే, నేనే చెప్తాండా. నాకు భయంగా ఉండాది. పోవద్దు."

అన్న మామగారు క్యారియర్ పట్టుకునే ఎగతాళి చేసినాడు. "ఏం సార్, నాలుగు చినుకులకే భయమా?"

"ఔనప్పా, భయమే. ఆ చిత్రాన్నం ఇట్ల తే."

అంతలోనే వాన దిగింది. మేమంతా షెడ్డులో నిలబడినాము. సార్ అక్కకు ఫోన్ చేసి, "దిగు అక్కా, తడుస్తావు, నేను రాల్యా" అన్నారు. ఆ తర్వాత రేకుల మీద వాన చప్పుడుకు ఏమీ వినబడలేదు. ఆయన మాకు వీపు పెట్టి నిలబడినారు. భుజాలు అదురుతా ఉన్నాయి. మేం దగ్గరికి పోలేదు. ఏం చెప్పాలో తెలిస్తే కదా పోయేది!

ఆ వారం తిరక్కుండానే ఆ కుర్చీ, ఆ టీ.

కంబదూరులో సొంత చేనులోనే పూడ్చినారు. మట్టి ఇంకా తడిగా ఉంది. అక్కకు మొహం ఎట్లా చూపించాలో తెలియక నేనూ అన్నా వెనకవెనకే నిలబడినాము. ఆమే మమ్మల్ని వెతుక్కుంటా వచ్చింది.

"మీరేనా వాని వెంట రావల్సినోళ్ళు?"

"ఔనవ్వా. ఆ పొద్దు..."

"పైకి రాండి."

మిద్దె మీదికి తీసుకుపోయింది. "ఈడనే నిలబడింటి. ఫోన్లో ముందు మూల్గినాడు, మాట తప్పినానక్కా అని. ఎవునికి కావల్లరా నీ ఇమానం, సేను తడుస్తాంటే! అంటి. పకపకా నగినాడు. అట్ల నగతా ఉండినాడు, ఆపల్యా."

షెడ్డులో అదిరిన ఆ భుజాలను చూసి మేం ఏడుపు అనుకున్నాము. అన్న నా వైపు చూసినాడు. నేను ఏదో ఒక జోకు వేయాల్సిన చోటు అది.

"అట్ల నగినోడు," అనింది అవ్వ, అక్కడితో ఆగిపోయింది. మమ్మల్ని కాదు, ఎవరినో అడుగుతున్నట్టు, "ఎట్లప్పా ఇది?" అనింది.

కింద పక్కచేను రైతు, చావింటి పక్కన విత్తాలా వద్దా అని ట్రాక్టరు ఆపుకుని నిలబడినాడు. అవ్వ పిట్టగోడ మీదికి వంగి అరిచింది. "నేల పదును ఆరిపోతాది, ఇత్తుకోప్పా!"

ట్రాక్టరు కదిలింది. దాని వెనక తెల్లకొంగలు గుంపుగా నడిచినాయి. మలుపు దగ్గర అన్నీ ఒక్కసారి లేచి, తడి చేను మీద తక్కువ ఎత్తులో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఒకదాని వెనక ఒకటి దిగినాయి.