గొంగడిలో ఐసుగడ్డ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం అది. మా తర్లుపాడు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. నాకు ఇరవై ఏళ్లు. మిషను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నాయన పలకల గనిలో రాయి కొట్టేవాడు.

ఒకరోజు పొద్దున మా మేనమామ రైలు దిగి ఇంటికొచ్చాడు. బందరు దగ్గర చేపల పడవల మీద పనిచేసేవాడాయన. నెత్తిన పెద్ద మూట. పైన గొంగడి, దాని లోపల గోనెసంచి నిండా ఊక. ఊక మధ్యలో ఐసుగడ్డ, దానికి ఆనించి ఆకుల్లో చుట్టిన చేపలు.

"ఐసును గొంగట్లో చుట్టినావేంది మామా? వేడికి కరిగిపోదా?" అన్నాను. గొంగడి వెచ్చదనం పుట్టిస్తుందనే అప్పటిదాకా నా నమ్మకం.

"నిన్న పొద్దున కట్టిన మూట ఇది. గొంగడికి సొంత వేడి యాడుంటది పాపా? చలిలో నీ ఒంటి వేడిని బయటికి పోనీదు. ఎండలో బయటి వేడిని లోపలికి రానీదు. ఊకలో చిక్కుకున్న గాలి పనీ అంతే."

నేను నమ్మలేదు. మామ పిడికెడు ముక్క పగలగొట్టి పళ్లెంలో పెట్టాడు. నేను బిందె నీళ్లు తెచ్చేసరికి అది సగం కరిగింది. మూటలో చెయ్యి పెట్టి చూస్తే గడ్డ గడ్డలాగే ఉంది. వేళ్లు జివ్వుమన్నాయి. మళ్లీ విప్పబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు.

"విప్పినప్పుడల్లా వేడిగాలి దూరుతది. మూసిపెట్టు."

మధ్యాహ్నం నలుగురు కూలీలు నాయనను మంచం మీద మోసుకొచ్చారు. వడదెబ్బ. ఒళ్లు నిప్పులా కాలుతోంది, చెమట చుక్క లేదు, పిలిస్తే పలకడం లేదు. పొద్దున నవ్వుతూ వెళ్లిన మనిషి! అమ్మ గుమ్మంలోనే కూలబడింది.

మామ ఒక్కడే కదిలాడు. మూట విప్పి చేపలన్నీ నేల మీద పడేసి, ఊకలో ఐసు మళ్లీ కప్పాడు. "బండి కట్టియ్యి పాపా. మార్కాపురం ఆసుపత్రికి పోదాం" అని అరిచాడు.

బండిలో నాయన తల నా ఒళ్లో ఉంది. మామ మూటలోంచి ఒక్కో ముక్క తీసిస్తూ, వెంటనే సంచి మూతి బిగించేవాడు. నేను దాన్ని తడిగుడ్డలో చుట్టి మెడ పక్కన, చంకల్లో అద్దేదాన్ని. దారి పొడవునా చెట్టు నీడ లేదు. ఎద్దులు నురగలు కక్కాయి. ఐసు అయిపోతుందేమోనని నేను ఏడుస్తుంటే, "ఉందిలేమ్మా, ఇంకా ఉంది" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రి మెట్ల దగ్గర మూట విప్పితే కొబ్బరికాయంత గడ్డ మిగిలింది. కాంపౌండరు నిర్ఘాంతపోయాడు.

"ఇంత ఎండలో ఐసు యాడిదమ్మా మీకు?"

పొద్దుగూకే వేళకు నాయన కళ్లు తెరిచాడు. నా ముఖంలోకి చాలాసేపు చూసి, "ఎవురమ్మా నువ్వు?" అన్నాడు.

ఐసు మిగిలినందుకు పొంగిపోతున్న నేను ఆ మాటకు ఆయన చెయ్యి పట్టుకుని నా పేరు చెప్పాను. మరునాడు మధ్యాహ్నం గానీ ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ప్రాణం దక్కింది కానీ, తర్వాత ఎండలో పది నిమిషాలు నిలబడలేకపోయేవాడు. గని మానేసి, ఇంట్లో కూర్చుని పలకలకు చట్రాలు బిగించే పనికి మారాడు. కన్నతండ్రి నన్ను ఎరగని ఆ ఒక్క సాయంత్రాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేను.