మనోరమ గారి అరువు బట్టలు

మనోరమ గారికి ఎదుటివాళ్ల బట్టలంటే పిచ్చి. అందులోనూ కట్టి కట్టి వెలిసినవైతే మరీ ఇష్టం. చిక్కడపల్లి గల్లీలో ఎవరైనా ఎదురైతే ముందు చొక్కా చూస్తారు, తర్వాత మొహం చూస్తారు. "జర ఒక్క పూటకు ఇయ్యి" అని అడిగి పట్టుకుపోతారు. వాటిని తానే తొడుక్కుని, స్టాండు మీద కెమెరా పెట్టి, అచ్చం ఆ మనిషిలా కూర్చుని తన ఫొటో తానే తీసుకుంటారు. నారాయణగూడలో డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక పట్టుకున్న కళ ఇది. తాను ఎవరన్నది ఇంట్లో అద్దం చెప్పడం లేదనీ, అందుకే నలుగురిలో వెతుక్కుంటున్నాననీ అంటారు.

గల్లీ వాళ్లు జాగ్రత్తపడ్డారు. ఆమె కనబడగానే ఇస్త్రీ బండి ఓదెలు మూట మీద దుప్పటి కప్పేవాడు. ఒకసారి ఆమె వాచ్‌మన్ యూనిఫాం వేసుకుని గేటు దగ్గర కూర్చుంటే, అతని భార్య వెనక నుంచి వచ్చి బియ్యం ఎందుకు తేలేదని దులిపేసింది. మనోరమ గారు తల వంచుకుని "యాది మరిచిన" అన్నారు. దాంతో ఇంకో విడత తిట్లు పడ్డాయి. తిట్లు తిన్నంతసేపూ తాను నిజంగా వాచ్‌మన్‌నే అయిపోయానని ఆ రోజంతా ఆమె సంబరం చెప్పతరం కాదు.

పై పోర్షన్‌లో కిరాయికి ఉండే మహిత మాత్రం చాలాకాలం చిక్కలేదు. గ్రూప్స్ చదవడానికి ఊరి నుంచి వచ్చిన పిల్ల. పొద్దున్నే అశోక్‌నగర్‌లో లైబ్రరీకి పోయేటప్పుడు మెట్లు పిల్లిలా దిగేది. అయితే ఈసారీ లిస్టులో ఆమె నంబరు రాలేదు. రిజల్ట్స్ ఇంకా ఇవ్వలేదని బాపుకు ఫోన్లో అబద్ధం చెప్పి, గదిలోంచి బయటికి రావడం మానేసింది. అప్పుడు మనోరమ గారు తలుపు తట్టి, ఆమె పసుపు చుడీదార్ అడిగారు.

కాదనే ఓపిక లేక ఇచ్చేసింది. బట్టలు ఒక్కటే సరిపోవట. ఎలా కూర్చుంటుందో, పెన్ను ఎలా పట్టుకుంటుందో, దేనికి నవ్వుతుందో కూడా తెలియాలట. పప్పన్నం కలిపి ముందు పెట్టారు. తింటూ తింటూ మహిత తన ఎకనామిక్స్ సార్‌ను అనుకరించి చూపించింది. చేస్తూ చేస్తూనే ఉన్నట్టుండి ఏడ్చేసింది. అబద్ధం సంగతి కూడా చెప్పేసింది. మనోరమ గారు ఓదార్చలేదు.

"ఆ సార్ చెయ్యి ఎట్ల లేపుతడు? మల్ల చూపియ్యి," అన్నారు.

కొన్నాళ్లకు దోమలగూడలో ఒక చిన్న హాల్లో ఫొటోల ప్రదర్శన పెట్టారు. తమ ఊరి వెంకటేశ్ కూడా వస్తున్నాడని తెలిసి మహిత గుండెల్లో రాయి పడింది. తన ఏడుపు మొహం గోడకెక్కితే ఊరంతా పాకిపోతుంది.

హాల్లో ముందుగా ఆటో నడిపే కరుణాకర్ కనబడ్డాడు. తన ఖాకీ చొక్కాలో ఉన్న మనోరమ గారి ఫొటో ముందు నిలబడి ఉన్నాడు.

"మా అమ్మ కాలం చేసిన నెల అది," అన్నాడు మహితతో. "ఎవ్వలతోని మాట్లాడకపోతుంటి. ఈమె వచ్చి చొక్కా అడిగింది, హ్యాండిల్ ఎట్ల తిప్పుతవ్ అన్నది. పొద్దుగూకేదాంక మా అమ్మ ముచ్చట్లే చెప్పిన."

ఫొటో తియ్యడం చిటికెలో పని. దానికి అన్నం పెట్టి, అంతసేపు కూర్చోబెట్టడం ఎందుకో మహితకు అప్పుడు అర్థమైంది.

భయపడుతూనే తన ఫొటో దగ్గరికి వెళ్లింది. పసుపు చుడీదార్‌లో మనోరమ గారు కనుబొమ్మ ఎగరేసి, లేని సుద్దముక్కను గాల్లో తిప్పుతున్నారు. కళ్లనిండా కొంటెతనం. కింద "సార్‌ను దించేస్తున్న మహిత" అని రాసి ఉంది. వెంకటేశ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అతనూ అదే సార్ దగ్గర చదివాడు. మహిత కూడా నవ్వింది. తాను ఇట్లా కూడా ఉంటానన్న సంగతే ఆమె మరిచిపోయింది.

అక్కడే బయట మెట్ల మీద కూర్చుని బాపుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన ఎప్పుడో పసిగట్టాడట. నువ్వే చెప్తవని ఆగిన, తిన్నవా బిడ్డా, అని అడిగాడు.

తేలికైన మనసుతో లోపలికి వచ్చేసరికి మనోరమ గారి భర్త విఠల్ గారు పట్టుకున్నారు. ఊరందరి బట్టలు తొడుక్కున్న మనిషి తన చొక్కా ఒక్కనాడు కూడా అడగలేదని మొదలుపెట్టి, పెళ్లినాటి సంగతుల దాకా వెళ్లారు. మహిత ఆయన తరఫున మనోరమ గారిని అడిగింది.

"ఈయనకేమైంది బిడ్డా, మంచిగున్నడు," అన్నారామె. "ముచ్చట ఆపితే గద, నేను అడిగేది."

విఠల్ గారు టక్కున నోరు మూశారు. హాలు మూసేదాకా ఆశగా, నిశ్శబ్దంగా అలాగే కూర్చున్నారు.