ఈదన్న పోయిన దిక్కు

ఈదన్న పోయిన దిక్కు మా నాయనకు చెప్పింది నేనే. మొన్న లింగాల అంగట్లో ఇప్పపువ్వు వాసన తగిలితే ఆ పొద్దు గుర్తొచ్చింది.

మన్ననూరు అడవి మనిషి ఈదన్న. తండ్రి చేసిన అప్పుకు మా ఇంట్లో వెట్టి చేసేవాడు. ఆ తెల్లవారుజామున భార్యతో బయలుదేరుతూ నాకు ఎదురుపడి, దోసెడు ఇప్పపూలు ఇచ్చాడు.

“యాడికి పోతున్నవ్ ఈదన్నా?”

“మా అడివికి, చిన్న పటేలా. మీ నాయనకు జెప్పకు.”

అప్పటికి చిన్నపిల్లవాణ్ణి. ఎద్దు తప్పిపోతే నాయన వెతికి తెచ్చేవాడు. ఈదన్న కూడా అలాగే తప్పిపోతున్నాడనుకుని పరుగెత్తి చెప్పేశాను. మధ్యాహ్నానికి ఈదన్నను తాళ్లతో కట్టి, భార్యతో సహా తెచ్చారు.

“ఎన్నిమార్లు తెచ్చినా మల్ల పోత, పటేలా” అన్నాడు నాయనతో. ఇంకో మూడుసార్లు పోయాడు. మూడుసార్లూ పట్టి తెచ్చారు.

నేను ఇంటర్ చదువుతుండగా, వెట్టివాళ్లను విడిపించడానికి అధికారులు ఊరికి వచ్చారు.

“మా ఊర్ల వెట్టోళ్లు ఎవ్వరు లేరు సార్” అన్నాడు నాయన.

“మా ఇంట్లనే ఉన్నడు సార్” అని, నాయన చూస్తుండగానే వాంగ్మూలం మీద సంతకం పెట్టాను.

విడుదల కాగితం అందగానే ఈదన్న, భార్య పట్టపగలు నడివీధిలోంచి వెళ్లిపోయారు. మరునాడు మా ఇంట్లో పేడ ఎత్తడానికి ఎవరూ లేరు. నేనే ఎత్తాను.