పెనంతో మాట్లాడే చెన్నకేశవులు

పెనుకొండ స్టేషను ఎదుట కాఫీ హోటలు నడిపే చెన్నకేశవులుకు ఒకటే జబ్బు. మనుషులు అడిగినదానికి ఆయన వస్తువులకు జవాబు చెప్పేవాడు.

"దోసె ఇంకెంతసేపప్పా? రైలు వచ్చేస్తాండాది!" అని ఎవరైనా అరిస్తే, పెనం మీదికి వంగి, "ఏమ్మా, వింటాండావా? అయ్యకు తొందరంట. ఎర్రగా కాల్చిస్తావా, తెల్లగానే పంపేద్దునా?" అనేవాడు.

ఒకసారి గోరంట్ల నుంచి వచ్చిన భారీ మనిషి కూర్చోగానే బెంచీ కాలు విరిగింది. చెన్నకేశవులు పరుగెత్తుకొచ్చి బెంచీని నిమిరాడు.

"దెబ్బ తగిలిందామ్మా?"

"పడింది నేనప్పా!" అన్నాడా మనిషి నేల మీద నుంచే.

"విన్యావామ్మా? ఆయనకు గొంతు బాగానే ఉండాది. నీ సంగతి చెప్పు."

1958లో రామప్ప ఆయన్ను వెతుక్కుంటూ ధర్మవరం నుంచి వచ్చాడు. ఇరవై ఏళ్ళవాడు. ఇంట్లో మగ్గాలు రెండు, అన్నదమ్ములు నలుగురు. కడగొట్టువాడికి మగ్గం దగ్గర చోటు దక్కలేదు. హిందూపురం బెల్లం మండీలో మూటలు మోస్తున్నప్పుడు, చెన్నకేశవులు బొంబాయి నుంచి ఇంగ్లండుకు పోయే ప్రయాణికుల ఓడలో పదకొండేళ్ళు వంటపని చేశాడని విన్నాడు.

"నాకూ ఓడలో పని ఇప్పించల్ల మామా," అన్నాడు చేతులు కట్టుకుని.

చెన్నకేశవులు కాఫీ బాయిలరు వైపు తిరిగాడు. "ఏమంటావు? పనికొస్తాడా?"

బాయిలరు బుస్సుమంది.

"నెల చూద్దామంటాండాది."

ఆ నెలంతా రామప్ప వదులుగా అల్లిన నులకమంచం మీద, ఎనిమిది గ్లాసుల పళ్ళెం పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. "సముద్రం ఇట్లే ఉంటాది," అని చెన్నకేశవులు మంచానికి చెప్పేవాడు. రామప్ప బోర్లాపడితే గ్లాసులను ఓదార్చేవాడు.

అంతవరకూ ఓర్చుకున్నాడు రామప్ప. కానీ రైళ్ళు లేని మధ్యాహ్నాల్లో ఆయన వాణ్ణి కొట్టుగదిలో కూర్చోబెట్టి, కందిబేడల మూటతో, "ఈ పిల్లోడు నీతో గంటసేపు మాట్లాడతాడు, విను," అని తలుపు వేసేవాడు. రామప్పకు సిగ్గుతో నోరు పెగిలేది కాదు. గంట తర్వాత ఆయనొచ్చి మూటనే అడిగేవాడు.

"ఏం చెప్పినాడు? ఏమీ చెప్పలేదా? రేపు చెప్తాడులే."

ఒకరోజు ఆయన భార్య యశోదమ్మ నవ్వింది. "ఓడ దిగినప్పటి నుంచీ ఇంతే నాయనా. ఉప్పు తక్కువైందని చీపురుకు చెప్తాడు. చీపురు నాకు చెప్పల్ల." అంటూనే హోటల్లోకి తొంగి చూసి నవ్వు ఆపింది. రైలు వెళ్ళిపోయింది. ఖాళీ బెంచీల మధ్య ఒక్కడే కూర్చుని, చెన్నకేశవులు గ్లాసులతో మెల్లగా ఏదో చెప్పుకుంటున్నాడు.

నెల నిండాక బొంబాయిలోని పాత స్నేహితుడికి ఉత్తరం రాసిచ్చాడు. స్టేషనుకూ వచ్చాడు. వచ్చి రైలు పెట్టె మీద చెయ్యి వేసి, "పిల్లోన్ని జాగ్రత్తగా తీసకపో," అన్నాడు. తన వైపు తిరిగి ఒక్క మాటైనా అనలేదని రామప్పకు గుంతకల్లు దాకా మనసు చివుక్కుమంటూనే ఉంది.

ఓడలో పని దొరికింది. పైన దొరలు, దొరసానులు బ్యాండు వాయింపుకు నాట్యమాడుతుంటే, అడుగున కిటికీ లేని గదిలో వాళ్ళ పళ్ళాలు కడగడం. చుట్టూ గోవావాళ్ళు, బెంగాలీలు. పని మాటలు పాతిక హిందీ ముక్కలతో గడిచిపోయేవి. ఒక మధ్యాహ్నం, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే దాన్ని ఏమంటారో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో చూసిన వస్తువు. కడుగుతున్న పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "నాడె" అన్న మాట సాయంత్రానికి గానీ తట్టలేదు. ఆ మాట చెప్తే అర్థమయ్యేవాళ్ళు పక్కన ఎవరూ లేరు.

ఏడెన్ రేవులో ఉత్తరం వచ్చింది. పైన చిరునామా రామప్పదే. లోపల మాత్రం ఇలా ఉంది:

"ఓడలోని టీ కెటిలమ్మకు చెన్నకేశవులు ఆశీర్వాదాలు. నీ దగ్గర రామప్ప అని ఒక పిల్లోడు చేరినాడు. కందిబేడల మూటతో కూడా మాట్లాడలేని మొగమాటస్తుడు. ఆడ రెండో ఏడు నాకు తెలుగే మర్సిపోతానని భయమైంది. అప్పుడు నీలాంటి కెటిలే నన్ను కాపాడింది. ఆ విద్య వీనికి నేర్పల్లని చూసినా, నేర్చుకోల్యా. అందుకే నీకు రాస్తాండా. రోజూ అడుగు. అన్నం తిన్యావా? నిద్ర పట్టిందా? ఎవురన్నా ఏమన్నా అన్న్యారా? జవాబు చెప్పేదాకా వదలొద్దు. నీకు చదువు రాదు గదా, ఈ ఉత్తరం వానితోనే గట్టిగా చదివించుకో."

రామప్ప చుట్టూ చూశాడు. మూలనున్న, పైకి టీ పంపే పెద్ద కెటిలు ముందు నిలబడి గట్టిగా చదివాడు. "అన్నం తిన్యావా?" దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"తిన్యా," అన్నాడు. కెటిలు మూత సర్ది, "చప్పగా ఉండాది," అన్నాడు. ఇక ఆగలేదు. నాయన చూపు మందగించడం, అన్నలు తనను పిలవకుండా నేసిన చీరను మగ్గం మీంచి కోసిన రోజు, బొంబాయిలో తప్పిపోయి ఏడ్చిన సంగతి, అన్నీ వరసగా వచ్చాయి.

గోవా వంటవాడు తల లోపలికి పెట్టి హిందీలో అడిగాడు, "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మా ఊరోళ్ళతో."

ఆయన కెటిలును ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. కాసేపటికి గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. రెండేళ్ళుగా ఇల్లు చూడని ఆ మనిషి, వేపుడు మూకుడుకు కొంకణిలో ఏదో చెబుతున్నాడు. మొదట మెల్లగా, తర్వాత చేతులు తిప్పుతూ.

ఆ రోజు పై అంతస్తు దొరలకు టీ అరగంట ఆలస్యంగా వెళ్ళింది.