బురదలో కూర్చున్న రామతులసి మేడం

భవానీపురంలో రామతులసి మేడం బడి అంటే ఆవిడ ఇంటి కింది వాటాయే. మూడేళ్ళవాళ్ళూ నాలుగేళ్ళవాళ్ళూ కలిపి ఓ పదిహేను మంది పిల్లలు. పలక కంటే ముందు వాళ్ళకు మట్టి తెలియాలని ఆవిడ నమ్మకం. ఆ మాట కూరగాయల బండి దగ్గర కూడా చెప్పేది. చెప్పి చెప్పి, ఒక శనివారం పిల్లలను కంకిపాడు పొలానికి తీసుకువెళ్ళడానికి తల్లులను ఒప్పించింది. తల్లులూ వెంట వస్తారు. వాళ్ళకు నచ్చితే నెలనెలా వెళ్ళవచ్చు, నచ్చకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

పొలం తిరుపతిరావుగారిది. ఆయన మనవడు కిరీటి కూడా మేడం బడిలోనే ఉన్నాడు. కిరీటి తల్లి సింధూరి ఆయన సొంత కూతురే. అయినా నాన్న పిల్లల ఆటకు పొలం ఇస్తానన్న సంగతి ఆమెకు అందరితోపాటు వాట్సాప్‌లోనే తెలిసింది. అప్పటినుంచీ మూతి ముడుచుకునే ఉంది. ఆమె కాదంటే మిగతా తల్లులూ కాదంటారని మేడంకు తెలుసు.

పాత బట్టలు వేసి తీసుకురమ్మని మేడం గ్రూపులో పెట్టింది. నలుగురిలోకి పిల్లాడికి పాత బట్టలు వేసి తీసుకురావడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? బస్సు దిగిన పిల్లలను చూస్తే పెళ్ళికి వచ్చినట్టున్నారు. కిరీటి తెల్ల జుబ్బా మడత కూడా నలగలేదు.

నాట్ల కోసం ట్రాక్టరుతో దమ్ము చేసిన మడి బురదగా, మెత్తగా, సిద్ధంగా ఉంది. పిల్లలు గట్టుమీద వరసగా నిలబడ్డారు. ఎవరైనా కాలు చాపితే చాలు, వెనకనుంచి ఓ చెయ్యి లాగేస్తోంది. మేడం కొంగలను చూపించి, గడ్డి పేర్లు చెప్పి కాసేపు కాలక్షేపం చేసింది. అప్పుడు నోరు విప్పింది సింధూరి.

"ముందు మీరు దిగి చూపించండి మేడం. మిమ్మల్ని చూసే కదా పిల్లలు నేర్చుకునేది."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మేడం పుట్టింది వన్‌టౌన్‌లో, బట్టల కొట్టు పైనున్న మేడలో. మట్టి గురించి ఎన్ని కబుర్లు చెప్పినా, మడిలో కాలు పెట్టిన పాపాన పోలేదు. జలగలుంటాయా అని తిరుపతిరావుగారి చెవిలో అడిగింది. ఆయన గట్టంతా వినబడేలా జవాబిచ్చారు.

"ఉంటాయమ్మా. కానీ టీచర్ల జోలికి రావులే, మర్యాద తెలిసినవి."

ఇక తప్పదు. మేడం కుచ్చిళ్ళు ఎగదోపుకుని దిగింది. ఒక కాలు దిగబడింది. దాన్ని లాగబోతే రెండోదీ దిగబడింది. ఆ లాగుళ్ళలో ఆవిడ నడుందాకా చతికిలబడింది.

తల్లులు కొయ్యబారిపోయారు. పిల్లలకు మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. బడిలో రోజూ ఆడే ఆటే ఇది. మేడం చేతులెత్తితే ఎత్తాలి, కూర్చుంటే కూర్చోవాలి. మేడం కూర్చుంది. పదిహేను మందీ బిలబిలమంటూ దిగి, జరీ లంగాలతో, తెల్ల జుబ్బాలతో, ఆవిడ చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు నోటిమీద వేలేసుకోవాలా మేడం?" అని భానుశ్రీ అనే పిల్ల బుద్ధిగా అడిగింది.

వద్దని తల్లులంతా ఒక్క గొంతుతో అరిచారు.

ఆ తర్వాత పిల్లలను ఆపడం ఎవరి తరమూ కాలేదు. బురద ఇడ్లీలు చేసి తిరుపతిరావుగారికి వడ్డించారు. చట్నీ లేకుండా ఎలా తినమంటారని ఆయన పేచీ పెట్టారు. కిరీటి ఎవరినీ పట్టించుకోకుండా చేత్తో కాలవ తవ్వుతున్నాడు.

గట్టెక్కిన మేడం సింధూరి ముఖం వైపే చూస్తోంది. సింధూరి కొడుకును రమ్మని పిలిచింది. వాడు తల కూడా ఎత్తలేదు.

"పిలిస్తే వచ్చే రకమా వాడు? నిన్ను ఇదే మడిలోంచి మీ అమ్మ బెత్తం పట్టుకుని లాక్కెళ్ళేది" అన్నారు తిరుపతిరావుగారు.

సింధూరి తండ్రిని కొరకొరా చూసి, పైట బిగించి, వాణ్ణి ఎత్తుకురావడానికి మడిలోకి దిగింది. కాలు జారలేదు, దిగబడలేదు. నేరుగా వెళ్ళి కొడుకు పక్కన వంగింది. వాడేదో చూపించాడు. ఆమె గొంతుక్కూర్చుంది. ఎంతకీ లేవలేదు.

బస్సు హారన్ మోగింది. బయల్దేరదామా అని మేడం గట్టుమీదనుంచి అడిగింది.

సింధూరి తలెత్తకుండానే జవాబిచ్చింది.

"డ్రైవరును కాసేపు ఆగమనండి మేడం. కాలవ ఇంకా గట్టుదాకా రాలేదు."