ఇద్దరు అధ్యక్షుల చెరువు

మా పక్కింటి తాత చూసిన మహాయుద్ధం గురించి చెబుతాను. నిజానికి అది జిల్లా మత్స్య సహకార సంఘం అధ్యక్షుడి ఎన్నిక. యుద్ధమని పత్రికలు రాశాయి గానీ, విరిగింది ఒక ప్లాస్టిక్ కుర్చీ.

పోటీ చేసిన ఇద్దరూ తామే గెలిచామన్నారు. ప్రజాస్వామ్యం గెలిచిందని ఒక పత్రిక రాసింది, చచ్చిపోయిందని ఇంకో పత్రిక రాసింది. శామీర్‌పేట చెరువుగట్టు మీద నేను రెండూ చదివి వినిపిస్తుంటే, తాత వల బాగుచేసుకుంటూ వినేవాడు. చేపలు పట్టడమే ఆయన బతుకు. అంతా విని రోజూ ఒకటే అడిగేవాడు.

"మస్తు రాసిన్రు గని, చెరువుల చాప పిల్లలు ఎప్పుడు ఇడుస్తరంట?"

"అది రాయలే తాతా."

"రేపు రాస్తరేమో తియ్."

చేపపిల్లలు రావాలంటే అధ్యక్షుడు సంతకం పెట్టాలి. అధ్యక్షులు ఇద్దరు కాబట్టి ఎవరి సంతకమూ చెల్లలేదు. వానాకాలం దాటిపోయింది. ఇక వదిలినా అవి ఎదగవు. తాత వల మాత్రం ఒక్క చిరుగు లేకుండా తయారైంది.

ఆ తర్వాత బండి మీద దూలపల్లిలో ఒక ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకు వెళితే, గేటు దగ్గర తాత కనిపించాడు, వాచ్‌మన్ చొక్కాలో. ఒళ్లో వల లేదు. వేళ్లు మాత్రం ముడులు వేస్తూనే ఉన్నాయి.

"తేలిందా బిడ్డ, ఎవరు గెలిచిన్రో?"

"కోర్టుల ఉంది తాతా. పేపర్ల మల్ల రాసిన్రు. సదువాల్నా?"

"ఇగ వద్దు తియ్," అని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

నా బండి వైపు చూసి, బయటివాళ్ల బండ్లకు పార్కింగ్ గేటు బయటేనట, అన్నాడు.