శేషమ్మ కలలో తాలుకాయలు

కలలో రంగులు కనిపిస్తాయా అని కాలేజీలో చదివే మనవరాలు పొద్దున ఫోన్లో అడిగింది. నాకు గుర్తులేదు. అందుకని మా కళ్లంలో మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరే శేషమ్మను అడిగాను.

“తెల్ల తాలుకాయలే అమ్మగారూ. రాత్రంతా ఏరినా కుప్ప తరగదు.”

“కళ్లమంతా ఎర్రగా ఉంటే, నీ కలలో ఒక్క ఎర్రకాయ లేదటే?”

“ఎర్రవైతే ఏరే పనేముందండీ? ఆ రోజు హాయిగా నిద్రపోయినట్టే.”

వినడానికే నాకు నీరసం వచ్చింది. మధ్యాహ్నం కాసేపు పడుకోమన్నాను. గంటకు లేచి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇప్పుడూ తెల్లవేనండీ. కాకపోతే మీరూ పక్కన కూర్చుని ఏరారు. కుప్ప సగమైంది.”

అప్పటినుంచీ నా నడుము లాగుతోంది. ఏరినందుకే కాబోలు. మీ కలల్లో ఏ రంగులున్నాయో చెప్పండి. ఎవరిచేత పని చేయిస్తున్నారో కూడా.